మింగళాదాన్ నుండి విశాఖపట్టణము ఎంత దూరము?

గడచిన మాసమున ఒకనాటి సాయంకాలము తెలుగు తరగతి ముగిసి పిల్లలందరును వెడలిపోవుచుండగా, మూడవ తరగతి బాలిక యొకతె నా బల్ల యొద్దకు వచ్చి నిలిచినది. "మేస్టారూ, మా నానమ్మ అడగమన్నాది. ఇక్కడికీ విశాఖపట్నానికీ ఎంత దూరం?" అని అడిగినది. నేను పుస్తకములు సర్దుకొనుచునే "చాల దూరము, తల్లీ. సముద్రము దాటవలెను" అంటిని. ఆ బాలిక కదలలేదు. "అది నానమ్మకి తెలుసు మేస్టారూ. అంకెల్లో చెప్పమన్నాది" అనినది.

సంగతి ఏమనగా, ఆ నానమ్మకు ఒక అప్ప కలదు. 1960 దశకమున మనవారు వేలకొలదిగా ఈ దేశము విడిచి ఓడలెక్కి పోయిన దినములలో ఆ అప్పయు భర్తతో కూడ పోయి, విశాఖపట్టణమున కాందిశీకులు నివసించు బర్మా క్యాంపు అను పేటలో కాపురము పెట్టినది. చెల్లెలు ఇచ్చట అహ్లోన్‌లోనే ఉండిపోయినది. ఇప్పుడు అప్పకు ఆరోగ్యము సరిగా లేదని ఫోనులో కబురు వచ్చినది. పోయి చూచి రావలెనన్నచో ఎంత దూరము, ఎంతసేపు పట్టును? ఇదియే ఆమె ప్రశ్న. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఇన్ని యేండ్లుగా గోడకు పటము తగిలించి పాఠములు చెప్పుచున్న నాకు ఇది కొంత సిగ్గు కలిగించినది. మరునాడు తరగతిలో అందరమును కూర్చుండి లెక్క కట్టితిమి. ఆ లెక్కనే మన పత్రిక చదువరుల కొరకు ఇచ్చట వ్రాయుచున్నాను.

దూరము అన్నప్పుడు ఏ దూరమో మొదట తేల్చుకొనవలెను. కాకి ఎగిరినట్లు సూటిగా పోయిన దూరము ఒకటి. ఓడ తీరమును చుట్టి, నదిలో ప్రవేశించి వచ్చిన దూరము మరియొకటి. టిక్కెట్టు కొన్నవాడు ఒక విమానము దిగి మరియొక విమానము ఎక్కుచు పోయిన దూరము ఇంకొకటి. ఈ మూడును వేరు వేరు. మనము సూటి దూరముతో ప్రారంభింతము.

ఒక పంపరపనస పండును తీసికొని తొడిమ పైకి ఉండునట్లు పట్టుకొనుడు. తొక్క ఒలిచినచో తొనలు కనిపించును. ప్రతి తొనయు నడుమ వెడల్పుగాను, పైకొన క్రిందికొనలయందు సన్నముగాను ఉండును. తొనకును తొనకును మధ్యనుండు గీతల వంటివే భూగోళము మీది రేఖాంశములు. అదే పండును కత్తితో అడ్డముగా కోసినచో చక్రములు వచ్చునుగదా, ఆ చక్రముల అంచుల వంటివి అక్షాంశములు. భూమి మీది ఏ స్థలమునకైనను ఈ రెండింటి అంకెలు చెప్పిన చాలును, ఆ స్థలము ఎక్కడ నున్నదో తెలిసిపోవును. వీధి పేరును ఇంటి నెంబరును చెప్పినట్లే.

మన నగరపు విమానాశ్రయము మింగళాదాన్‌లో ఉన్నది. దాని అక్షాంశము ఉత్తరమునకు 16.91 డిగ్రీలు, రేఖాంశము తూర్పునకు 96.13 డిగ్రీలు. విశాఖపట్టణ విమానాశ్రయపు అక్షాంశము 17.72, రేఖాంశము 83.22. ఈ అంకెలను చూడగానే ఒక సంగతి తెలిసికొనవచ్చును. అక్షాంశములు రెండును దాదాపు సమానము. అనగా మనము వేగుజామున నది వైపునకు, పడమరగా ముఖము త్రిప్పి నిలిచి, కొంచెము కుడిచేతి వైపు చూచితిమేని, చూపు ఎంతదూరమైనను పోగలిగినచో, అది విశాఖ మీదనే పడును. నడుమ ఇరావతీ నది పాయలు, ఆ పిమ్మట నీరు తప్ప మరేమియు లేదు.

కష్టమైన లెక్కకు ముందు తేలిక లెక్క ఒకటి చేయించితిని. మాండలే విమానాశ్రయము తడావూ అను ఊరి వద్ద ఉన్నది. దాని అక్షాంశము 21.70, రేఖాంశము 95.98. రేఖాంశము మనదానితో ఇంచుమించు ఒక్కటియే, కనుక మాండలే మనకు తిన్నగా ఉత్తరమున ఉన్నదన్నమాట. ఉత్తర దక్షిణములుగా ఒక్క డిగ్రీ పోయినచో సుమారు 111 కిలోమీటర్లు. 21.70 నుండి 16.91 తీసివేయగా 4.79. దానిని 111చే గుణించిన 532 వచ్చును. రెండవ తరగతి పిల్లవాడొకడు నాకంటె ముందే చెప్పినాడు. రైలుదారి వంకరలు తిరుగుచు పోవుటచే అదే మాండలే రైలులో సుమారు 620 కిలోమీటర్లు.

విశాఖ లెక్క ఇంత సులభము కాదు. అది ఉత్తర దక్షిణముల లెక్క కాదు, తూర్పు పడమరల లెక్క. పంపరపనస తొనను మరల తలచుకొనుడు. నడుమ, అనగా భూమధ్యరేఖ వద్ద, ఒక డిగ్రీ వెడల్పు 111 కిలోమీటర్లే. పైకి పోవుకొలది తొన సన్నగిలును, ధ్రువము చేరునప్పటికి సున్న యగును. మనము భూమధ్యరేఖకు మరీ దూరమున లేము గనుక మన వద్ద తొన కొద్దిగానే సన్నగిలినది. విశాఖకును మనకును నడుమ ఒక డిగ్రీ వెడల్పు సుమారు 106.2 కిలోమీటర్లు. 96.13 నుండి 83.22 తీసివేయగా 12.91. గుణించిన 1371. ఇది తిన్నగా పడమరకు పోవలసిన దూరము. ఉత్తరమునకు పోవలసినది 0.81 డిగ్రీ, అనగా 90 కిలోమీటర్లు. ఈ రెండును లంబకోణ త్రిభుజపు రెండు భుజములు. పెద్ద తరగతి వారు కర్ణము లెక్క కట్టి 1374 అని తెచ్చిరి. భూమి సరియైన బంతి వలె గాక కొంచెము చదునుగా ఉండుటచే ఇందులో రెండు మూడు కిలోమీటర్లు అటునిటుగా ఉండవచ్చును. మైళ్ళలో ఇది 854.

విమానము నడుపువారును ఓడ నడుపువారును కిలోమీటరును గాని మన మైలును గాని వాడరు. వారిది నాటికల్ మైలు. అక్షాంశపు డిగ్రీలో అరువదవ వంతు దూరము అది, 1852 మీటర్లు. పటము మీద డిగ్రీలు లెక్కించిన చాలును, దూరము తనంతట తానే తెలిసిపోవును గనుక వారికి అది సుఖము. ఆ లెక్కను మింగళాదాన్‌కును విశాఖకును 742 నాటికల్ మైళ్ళు.

తరగతిలో ఒక పిల్లవాడు పటము మీద స్కేలు పెట్టి గీత గీచి, విమానము ఈ గీత వెంటనే పోవునా అని అడిగినాడు. మంచి ప్రశ్న. గుండ్రని భూమి మీద రెండు చోట్ల నడుమ మిక్కిలి దగ్గరి దారి, చదునైన పటము మీద వంగినట్లు కనిపించును. గోళము మీద దారమును బిగించి పట్టి చూచితిమి. మన దారము పటము మీది గీతకంటె ఉత్తరమునకు ఒరిగినది, కాని ఎంత? నడిమధ్యన సుమారు 11 కిలోమీటర్లు మాత్రమే. దానివలన కలిసివచ్చు దూరము అర కిలోమీటరైనను లేదు. లండను నుండి అమెరికా పోవువారికి ఇది పెద్ద విషయమేగాని మనకు కాదు.

ఈ 1374 అను అంకెను పోల్చి చూచుటలో మాకు ఆశ్చర్యము కలిగినది. విశాఖపట్టణము నుండి భారతదేశపు రాజధాని ఢిల్లీకి సూటి దూరము సుమారు 1360 కిలోమీటర్లు. విశాఖవారికి ఢిల్లీ ఎంత దూరమో మన యాంగోనును అంతే దూరమన్నమాట! మరియొకటి. మన దేశపు ఉత్తరపు కొననున్న పూతావో నుండి దక్షిణపు కొననున్న కౌథాంగ్‌కు సూటిగా 1900 కిలోమీటర్లకు పైగా ఉన్నది. మన దేశములోనే ఈ కొన నుండి ఆ కొనకు ఉన్న దూరముకంటె విశాఖ మనకు దగ్గర. ఇది విని పిల్లలు నమ్మలేదు. దారము పెట్టి తామే కొలిచిన పిదప నమ్మిరి.

ఇక కాలము సంగతి. దూరమును వేగముచే భాగించిన కాలము వచ్చునని లెక్కల పుస్తకములో ఉన్నది. జెట్ విమానము ఆకాశమున 10 లేక 11 కిలోమీటర్ల ఎత్తున గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగముతో పోవును. 1374ను 830చే భాగించిన ఒక గంట 39 నిమిషములు. కాని విమానము నేల మీద నిలిచియున్నది నిలిచియున్నట్లే 830 వేగము అందుకొనలేదు. రన్‌వే చేరుటకే పది నిమిషములు పట్టవచ్చును. పైకి ఎక్కుటకు ఇరువది నిమిషములు అనుకొందము, ఆ ఇరువది నిమిషములలో సుమారు 190 కిలోమీటర్లు మాత్రమే సాగును. దిగుట మొదలు పెట్టుట విశాఖకు 200 కిలోమీటర్లకు పైగా ముందే. దానికి ఇరువదియైదు నిమిషములు. నడుమ మిగిలిన 970 కిలోమీటర్లు మాత్రమే పూర్తి వేగముతో పోవును, 70 నిమిషములలో. దిగిన పిమ్మట విమానము తన చోటు చేరుటకు అయిదు నిమిషములు. అన్నియు కలిపిన 130 నిమిషములు, అనగా రెండు గంటల పది నిమిషములు.

ఈ లెక్క సరియైనదో కాదో ఎట్లు తెలియును? ఇప్పుడే చెప్పితినిగదా, విశాఖకు ఢిల్లీ ఇంతే దూరమని. ఆ రెండు నగరముల నడుమ ప్రతిదినము విమానములు తిరుగుచున్నవి. వాటికి సుమారుగా రెండుంబావు గంటలు పట్టుచున్నది. మన లెక్క పెద్దగా తప్పలేదు. మీరు వేరొక ఊరి లెక్క కట్టదలచినచో సులభమైన ఉపాయము ఇది: దూరమును 830చే భాగించి, వచ్చినదానికి అరగంట కలుపుడు. చిన్న విమానమునకు ఇది పనికిరాదు. మాండలేకు పోవు వాటిలో రెక్కలకు పంకాలుండు ఏ.టి.ఆర్. విమానములు కలవు. వాటి వేగము గంటకు 500 కిలోమీటర్లు, ఎగురు ఎత్తు జెట్‌లో సగము. 532ను 500చే భాగించి ఇరువది నిమిషములు కలుపుడు. గంటా ఇరువదియైదు నిమిషములు వచ్చును. మాండలేకు పోయి వచ్చిన మీ యింటి పెద్దలనడిగి సరిచూచుకొనవచ్చును. అయితే తడావూలో దిగినవాడు మాండలే నగరము చేరుటకు ఇంకను 35 కిలోమీటర్లు మోటారులో పోవలెను.

2025 మార్చి 28వ తేదీన భూకంపము వచ్చినప్పుడు మాండలే విమానాశ్రయము దెబ్బతిని కొన్ని దినములు విమానములు దిగలేదు. అప్పుడును దూరము 532 కిలోమీటర్లే. కాలము మాత్రము ఎంతయో ఎవరును చెప్పలేకపోయిరి. మా తరగతి పిల్లలలో ఇద్దరికి అచ్చట బంధువులు కలరు. ఆ వారము వారు బడికి వచ్చినను పాఠము వినలేదు.

గాలి కూడ లెక్కలోనిదే. చలికాలమున ఎత్తైన ఆకాశమున గాలి పడమటి నుండి తూర్పునకు వీచును. విశాఖకు పోవు విమానమునకు అది ఎదురుగాలి, తిరిగి వచ్చునప్పుడు వెనుకగాలి. గంటకు 40 కిలోమీటర్ల గాలి అనుకొన్నచో పోవునప్పుడు నాలుగు నిమిషములు ఎక్కువ, వచ్చునప్పుడు మూడు నిమిషములు తక్కువ. వర్షకాలమున వింత జరుగును. నేల మీద మనకు నైరుతి నుండి గాలియు వానయు వచ్చుచుండగా, మేఘముల పైన అంతెత్తున గాలి తూర్పు నుండి పడమరకు వీచుచుండును. క్రింద ఒక గాలి, పైన దానికి ఎదురుగాలి. గొడుగు తిరగబడు దినమున కూడ విశాఖకు పోవు విమానమునకు పైన వెనుకనుండి త్రోపుడు దొరకును.

మన రెండు నగరములును ఒకే సముద్రపు ఒడ్డువి. బంగాళాఖాతమున పుట్టిన గాలివాన ఏ ఒడ్డునకు పోవునో దాని యిష్టము. 2008 మే నెలలో నర్గీసు తుపాను ఇరావతీ ముఖద్వారమును ముంచి మన నగరము మీదుగా పోయినది. అహ్లోన్‌లో పెకలివడిన చెట్లను మీ తలిదండ్రులు ఇప్పటికిని చెప్పుదురు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము మీద విరుచుకొనిపడి, అచ్చటి విమానాశ్రయమునకే తీవ్రనష్టము కలిగించినది. ఆ నానమ్మ నర్గీసు నాడు అప్ప కొరకు గాక తన కొరకు ఏడ్చితినని, హుద్‌హుద్ నాడు అప్ప కొరకు ఏడ్చితినని మనుమరాలితో చెప్పినదట.

ఇంతవరకు ఆకాశపు దారి. మన పెద్దలు ఈ దూరమును కిలోమీటర్లలో కొలువలేదు. "మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు" అనుచుండిరి. వారికి ఈ నగరము రంగూను కూడ కాదు, రంగము. రంగము పోయినాడు, రంగము నుండి డబ్బు పంపినాడు అని ఊళ్ళలో చెప్పుకొనెడివారు. గోదావరి పాయ ఒడ్డున, కాకినాడకు సమీపమున కోరంగి అను రేవుండెను. ఆ రేవు నుండి వచ్చినవారగుటచే ఈ దేశమున తెలుగువారికి కోరంగీలు అను పేరు వచ్చినది. 1839లో పెద్ద తుపాను వచ్చి ఆ రేవును నాశనము చేసినది. రేవు పోయినను పేరు మాత్రము నిలిచినది. తరువాత కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము మొదలగు రేవుల నుండి బ్రిటిష్ ఇండియా కంపెనీ వారి స్టీమర్లు రంగమునకు నడచినవి. కోతలకును, వడ్లమరలకును, రేవులో మూటలు మోయుటకును మనవారు వాటి డెక్కు మీదనే పడుకొని వచ్చిరి. 1931 జనాభా లెక్కల నాటికి ఈ నగరవాసులలో సగమునకు పైగా భారతదేశపు వారేయుండిరి.

ఆ స్టీమరు దూరమును కూడ మేము కొలిచితిమి. ఓడ తిన్నగా తూర్పునకు రాలేదు. నడుమ ఇరావతీ ముఖద్వారపు నేల అడ్డముగా సముద్రములోనికి చొచ్చుకొని యున్నది. దానిని దక్షిణముగా చుట్టి, మర్తబాన్ సింధుశాఖలో ప్రవేశించి, యాంగోను నదిలోనికి తిరిగి, పోటు చూచుకొని పైకి రావలెను. దారము పెట్టి చూడగా సుమారు 1500 కిలోమీటర్లు వచ్చినది. గంటకు పది నాటికల్ మైళ్ళు, అనగా పదునెనిమిదిన్నర కిలోమీటర్లు పోవు స్టీమరనుకొన్నచో 81 గంటలు. మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు! పెద్దల మాట అంకెకు అంకె సరిపోయినందుకు తరగతియంతయు చప్పట్లు కొట్టినది. సూటి దూరముకంటె ఓడ దూరము 126 కిలోమీటర్లే ఎక్కువ, కాలము మాత్రము ముప్పదియేడు రెట్లు.

ఓడలు కూడ లేని కాలము ఒకటి వచ్చినది. 1941 డిసెంబరు 23వ తేదీన జపాను వారి విమానములు ఈ నగరము మీద బాంబులు వేసినవి. 1942 మార్చిలో నగరము వారి వశమైనది. లక్షలమంది భారతీయులు కాలినడకను బయలుదేరి, కొందరు అరకాను కొండలు దాటి, మరికొందరు ఉత్తరమున తమూ మీదుగా మణిపురము చేరిరి. దారిలో చనిపోయినవారు అనేకులు. వారు నడచిన దూరమును దారముతో కొలువుదమని ఒక పిల్లవాడు లేచినాడు. నేను వలదంటిని. పటము మీద కొండలు చదునుగా ఉండును. ఆ లెక్క తప్పు లెక్క యగును.

మింగళాదాన్ సంగతి ఒకటి చెప్పి ముందుకు పోయెదను. విమానముల టిక్కెట్టు మీదను పెట్టెలకు కట్టు చీటీల మీదను ప్రతి విమానాశ్రయమునకును మూడక్షరముల గుర్తుండును. మాండలేది ఎం.డి.ఎల్., విశాఖది వి.టి.జెడ్. మనది ఆర్.జి.ఎన్. 1989లో రంగూను అను పేరు యాంగోనుగా మారినను, పెట్టెల చీటీ మీద పాత పేరే ఇంకను అంటుకొనియున్నది. విశాఖకు ఉత్తరమున భోగాపురము వద్ద క్రొత్త విమానాశ్రయమును తలపెట్టిరి. అది సముద్రము వెంబడి మనవైపునకు జరిగియుండుటచే, అచ్చట దిగు విమానమునకు ఈ 1374లో సుమారు ముప్పది కిలోమీటర్లు తగ్గును. అప్ప యింటికి పోవలసిన మోటారు దారి మాత్రము పెరుగును.

ఇప్పుడు అసలు చిక్కునకు వచ్చితిమి. రెండు గంటల పది నిమిషములు అని చెప్పితిని. కాని ఆ విమానమేది? ఈ వ్యాసము వ్రాయు నాటికి యాంగోను నుండి విశాఖకు సూటిగా పోవు విమానము లేదు. కూర్చుండుటకు చాలినంతమంది లేనిచో ఎవరును విమానము నడుపరు. ఒకప్పుడు స్టీమర్లు నింపిన దారిలో ఇప్పుడు ఒక విమానము నిండదు. కావున వేరొక నగరమున దిగి మారవలెను. కలకత్తా మీదుగా పోయినచో మొదట 1030, పిదప 770, మొత్తము 1800 కిలోమీటర్లు. మదరాసు మీదుగా పోయినచో విశాఖను దాటి దక్షిణమునకు పోయి మరల పైకి రావలెను, సుమారు 2390. బాంకాక్ మీదుగా పోవుట వింతలలోకెల్ల వింత. విశాఖ పడమరన ఉండగా మనము తూర్పునకు 580 కిలోమీటర్లు పోయి, అచ్చట మారి, 1910 కిలోమీటర్లు వెనుకకు వచ్చి, దాదాపు మన తలల మీదుగానే అన్నట్లు సముద్రము దాటవలెను. అంతయు కలిపిన సుమారు 2490. ముక్కెక్కడ అన్నచో చేతిని తలచుట్టు త్రిప్పి చూపినట్లు!

మన ఉపాయముతో లెక్క కట్టినచో కలకత్తా దారిలో గాలిలో గడుపు కాలము మూడు గంటల పది నిమిషములు, బాంకాక్ దారిలో నాలుగు గంటలు. నడుమ విమానాశ్రయమున పడిగాపులు పడు కాలము దీనిలో చేరలేదు. అది మూడు గంటలు కావచ్చును, ఒక రాత్రి కావచ్చును. బయలుదేరుటకు మూడు గంటలు ముందుగా మింగళాదాన్ చేరవలెను. అహ్లోన్ నుండి అచ్చటికి ఇంచుమించు పదునైదు కిలోమీటర్లే యైనను, ప్యే రోడ్డు మీద సాయంకాలము చిక్కుకొన్నవారికి ఆ పదునైదు కిలోమీటర్ల విలువ తెలియును. పాసుపోర్టు, వీసా, టిక్కెట్టు ధనము, డెబ్బది దాటిన మోకాళ్ళు ఈ లెక్కలో లేనేలేవు. సముద్రము ఒక్కటే అడ్డమైయున్నచో నానమ్మ రేపు ఉదయము బయలుదేరి మధ్యాహ్నపు భోజనమునకు అప్ప యింట ఉండెడిది.

పిల్లలు ఒక చీటీ వ్రాసి ఆ బాలిక చేతికిచ్చిరి. సూటి దూరము 1374 కిలోమీటర్లు, 854 మైళ్ళు. సూటి విమానము ఉన్నచో రెండు గంటల పది నిమిషములు. లేదు గనుక మారి పోవుటకు తక్కువలో తక్కువ ఒక పూట, తరచుగా ఒక పగలు. ఓడ దూరమును కూడ ఆమెయే అడిగి వ్రాయించుకొన్నది.

మరునాడు బాలిక సమాధానము తెచ్చినది. నానమ్మ చీటీని రెండుమార్లు చదివించుకొని, తండ్రి చెప్పిన మూడు రాత్రుల లెక్క సరిపోయినందుకు సంతోషించి, విమానపు సంగతి ఏమియు అనలేదట. మరియొక ప్రశ్న మాత్రము పంపినది. "అయితే అక్కడ ఇప్పుడు ఎంత టైమవుద్ది?"

ఇది మునుపటిదానికంటె సులభము, మునుపటి అంకెలోనే దీని సమాధానమును ఉన్నది. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు నాలుగు నిమిషములు పట్టును. మనకును విశాఖకును 12.91 డిగ్రీలు. కావున మనకు తెల్లవారిన 52 నిమిషములకు విశాఖకు తెల్లవారును. ఇది సూర్యుని లెక్క. గడియారపు లెక్క వేరు. ఊరికొక గడియారముండిన చిక్కులు వచ్చును గనుక ప్రతి దేశమును ఒక రేఖాంశమును ఎంచుకొని, దేశమంతటికిని ఆ రేఖ మీది కాలమునే పెట్టుకొన్నది. భారతదేశము ఎంచుకొన్నది 82.5 డిగ్రీల రేఖ. మన దేశము ఎంచుకొన్నది 97.5 డిగ్రీల రేఖ. నడుమ సరిగా 15 డిగ్రీలు, అనగా సరిగా ఒక గంట. పటము మీద ఆ రెండు రేఖలను వ్రేలితో దిగుడని పిల్లలకు చెప్పితిని. 82.5 రేఖ కాకినాడకు సమీపమున సముద్రములోనికి దిగినది. 97.5 రేఖ మోల్మేనుకు సమీపమున దిగినది. మనవారు ఓడ ఎక్కిన రేవుల వద్ద ఒక గడియారము, వచ్చి దిగిన రేవులలో ఒకదాని వద్ద మరియొక గడియారము.

కావున మనకు ఎంత అయినదో అందులో ఒక గంట తీసివేసిన చాలును. నానమ్మ ఇంతకాలము రాత్రి భోజనమైన పిమ్మట, అప్పకును ఆలస్యమగునేమోయని జంకుచు ఫోను చేయుచుండెనట. ఇప్పుడు వేళ మార్చుకొన్నది. ఇచ్చట సాయంకాలము అయిదున్నర అయినప్పుడు అచ్చట నాలుగున్నర. అప్ప మధ్యాహ్నపు నిద్ర లేచి టీ త్రాగు వేళ అదేనట.